చక్రాల ఇల్లు కొంటున్నారా? ముందు కప్పెక్కి చూడండి

అమెరికాలో వున్న అబ్బాయో అమ్మాయో ఫోను చేసి "అమ్మా, ఆర్.వి. కొంటున్నాం" అన్నారనుకోండి. మీరేమంటారు? "అదేంట్రా, కొత్తరకం టీవీనా?" అని అడిగేవాళ్ళే మనలో ఎక్కువ. సినిమా షూటింగుల దగ్గర హీరో హీరోయిన్ల కోసం నిలబెట్టే కారవాన్ మీరు చూసే వుంటారు. కాస్త అటూ ఇటూగా అదే ఇది. మంచం, వంటగది, ఫ్రిజ్, బాత్‌రూము అన్నీ చక్రాల మీదే వుంటాయి. సొంత ఇంజనుతో నడిచేదాన్ని మోటార్ హోమ్ అనీ, ఇంజను లేకుండా పికప్ ట్రక్కు వెనక తగిలించుకుని లాక్కెళ్ళేదాన్ని ట్రావెల్ ట్రైలర్ అనీ అంటారు. అన్నింటినీ కలిపి ఇక్కడివాళ్ళు ఆర్.వి. అనేస్తారు.

మేముండేది టెక్సాస్‌లో. 2019లో మావారు 24 అడుగుల ట్రైలర్ కొన్నారు. అప్పట్నుంచి స్కూలు సెలవులొస్తే చాలు, పిల్లల్నీ పప్పు ఉప్పుల్నీ అందులో వేసుకుని బయల్దేరుతున్నాం. క్యాంప్‌గ్రౌండ్‌లో సాయంత్రమయ్యేసరికి పక్కవాళ్ళు మడత కుర్చీలు బయట వేసుకుని కూర్చుంటారు, మన ఊళ్ళల్లో అరుగుల మీద కూర్చున్నట్టే. మాటలు ఎండావానలతో మొదలవుతాయి. ఎటు తిరిగినా చివరికి ఒకచోటికే వస్తాయి. "మీ బండిలో ఏం పాడైంది? ఏం మార్పించారు?" ఇన్నేళ్ళుగా ఆ కబుర్లు వినీ వినీ నాకు తెలిసిందేమిటంటే, సొంతదారులు చెప్పే మాటకీ షోరూములో సేల్స్‌మన్ చెప్పే మాటకీ పొంతనే వుండదు. సేల్స్‌మన్ సోఫా చూపిస్తాడు, గోడకు కరెంటు నిప్పుల పొయ్యి చూపిస్తాడు, పెద్ద టీవీ చూపిస్తాడు. పదేళ్ళు వాడినవాళ్ళు మాత్రం కప్పు గురించీ, టైర్ల గురించీ, బరువు గురించీ మాట్లాడతారు.

ఎందుకింత పట్టింపు అంటారా? ఇది గిన్నె కొన్నట్టు కాదు. చాలామంది 10 ఏళ్ళ నుంచి 20 ఏళ్ళ దాకా వాయిదాల మీద కొంటారు. ఇంటి స్థలంలా దీని ధర పెరగదు, షోరూము గేటు దాటగానే తగ్గడం మొదలవుతుంది. ఒహాయో నుంచి వచ్చిన ఒక రిటైర్డ్ నర్సమ్మ మాకు పక్క సైటులో దిగింది. భార్యాభర్తలిద్దరూ ఇల్లమ్మేసి, ఇక ఇందులోనే తిరుగుతూ బతుకుదామని పెద్ద ట్రైలర్ కొనుక్కున్నారట. మూడో ఏడు తిరిగేసరికి తలుపు దగ్గర నేల కాలికింద మెత్తగా తగలడం మొదలుపెట్టింది. చెక్క కుళ్ళిపోయింది. నీళ్ళు ఎక్కణ్ణుంచి వచ్చాయా అని చూస్తే కప్పు మీద దీపం తీగ దూరిన చోట చిటికెన వేలంత సందు. "మా ఇంటి డబ్బంతా ఇందులోనే వుందమ్మా" అని ఆవిడ నవ్వుతూనే చెప్పింది గానీ, నాకా రాత్రి నిద్ర పట్టలేదు.

పేర్లు వంద, పుట్టిల్లు ఒకటే

అమెరికాలో తయారయ్యే ఆర్.వి.లలో చాలా భాగం ఇండియానా రాష్ట్రంలో ఎల్క్‌హార్ట్ అనే ఊరి చుట్టుపక్కలే తయారవుతాయి. మనకి ధర్మవరం అంటే పట్టుచీరలు ఎలాగో, వాళ్ళకి ఎల్క్‌హార్ట్ అంటే ఆర్.వి.లు అలాగ. అక్కడ దీనికొక మ్యూజియం కూడా వుంది. తమాషా ఏమిటంటే, ఆ ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళలో ఆమిష్ మతస్థులు చాలామంది. వాళ్ళు సొంతానికి కారు కూడా వుంచుకోరు, గుర్రపు బండిలో తిరుగుతారు.

షోరూములో చూస్తే వందల పేర్లు కనిపిస్తాయి. వెనక వున్న యజమానులు మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టేటంతమందే. థోర్ అనే కంపెనీ చేతిలో ఎయిర్‌స్ట్రీమ్, జేకో, కీస్టోన్ లాంటివి వున్నాయి. ఫారెస్ట్ రివర్‌ని 2005లో వారెన్ బఫెట్ గారి కంపెనీ కొనేసింది. విన్నెబాగో వాళ్ళు 2016లో గ్రాండ్ డిజైన్‌నీ, 2019లో న్యూమార్‌నీ కలుపుకున్నారు. అంతేకాదు, కింద ఇనుప చట్రం, యాక్సిల్, కిటికీలు, మెట్లు, ఏ.సి., ఫ్రిజ్, స్టవ్వు ఇవన్నీ విడిగా సరఫరా చేసే కంపెనీలు కొన్నే వున్నాయి. అందుకని 25 వేల డాలర్ల బండిలోనూ 60 వేల డాలర్ల బండిలోనూ అదే ఏ.సి., అదే నీళ్ళ మోటారు కనిపిస్తే మీరు కంగారు పడక్కర్లేదు. ఎక్కువ డబ్బు ఎక్కడికి పోయిందా అని చూస్తే, చాలాసార్లు బల్లమీది రాయికీ, అల్మరా తలుపుల నునుపుకీ పోయి వుంటుంది.

మరి పనితనం ఎందుకు కుంటుతుంది? అనుభవమున్న వాళ్ళంతా ఒకే కారణం చెబుతారు, తొందర. అక్కడి ఫ్యాక్టరీల్లో చాలాచోట్ల జీతం గంటలకు కాదు, ఎన్ని బళ్ళు పూర్తిచేస్తే అంత. పొద్దున చీకటితో వచ్చి, లెక్క పూర్తికాగానే ఇంటికి పోతారు. అలాంటిచోట ఒక స్క్రూ వంకరగా దిగితే ఆగి సరిచేసే తీరిక ఎవరికుంటుంది చెప్పండి? కరోనా రోజుల్లో విమానాలూ హోటళ్ళూ మానేసి జనం ఆర్.వి.ల మీద పడ్డారు. 2021లో 6 లక్షల పైచిలుకు బళ్ళు ఫ్యాక్టరీల నుంచి బయటికొచ్చాయి, అది అప్పటికి రికార్డు. 2023కి వచ్చేసరికి అది దాదాపు సగమై 3 లక్షల 13 వేలకు దిగింది. సెకండ్‌హ్యాండ్‌లో కొనేవాళ్ళకి క్యాంప్‌గ్రౌండ్ పెద్దలు చెప్పే సలహా ఏమిటంటే, ఆ రద్దీ రోజుల్లో తయారైన బండి అయితే రెండింతలు జాగ్రత్తగా చూడమని. ఆ ఏడు తయారైనవన్నీ చెడ్డవని కాదు. పెళ్ళిళ్ళ సీజన్లో టైలరు కుట్టిన జాకెట్టు కుట్లు మనం రెండుసార్లు చూసుకోమూ?

మా బండి సంగతే చెబుతాను. కంపెనీ పేరు ఎందుకులెండి. మొదటి నెలలోనే సింకు కింద గొట్టం ఊడి, అంట్ల నీళ్ళన్నీ అల్మరాలోకి వచ్చాయి. చూస్తే ఆ గొట్టం మూతని చేత్తో ఒక తిప్పు తిప్పి వదిలేశారు. గరిటెల సొరుగు పట్టాలు చిన్న పిన్నులతో కొట్టారు, రెండో ప్రయాణానికి సొరుగు మొత్తం నా కాళ్ళ మీదకొచ్చింది. మావారు పిన్నులు పీకేసి, జిగురు రాసి, స్క్రూలు బిగించారు. ఖర్చు నాలుగు డాలర్లు. ఇలాంటివన్నీ చిన్న పనులే. చక్రాల మీది ఇల్లు రోడ్డెక్కిన ప్రతిసారీ భూకంపం వచ్చినట్టు కదులుతుంది కాబట్టి స్క్రూడ్రైవర్ పట్టుకోవడం రానివాళ్ళకి ఆర్.వి. ఎవరూ సిఫారసు చేయరు.

అన్నట్టు, తలుపు పక్కన ఆర్.వి. పరిశ్రమ సంఘం వాళ్ళ చిన్న ముద్ర అంటించి వుంటుంది. అది చూసి "క్వాలిటీ ముద్ర వుందిగా" అనుకునేవాళ్ళున్నారు. ఆ ముద్ర కరెంటు, గ్యాసు, నీళ్ళ గొట్టాలు, అగ్ని భద్రత నియమాల గురించి. సొరుగు ఊడదని గానీ కప్పు కారదని గానీ అది చెప్పదు.

కప్పు కథ

ఇక అసలు సంగతికి వద్దాం. ఆర్.వి.కి మొదటి శత్రువు నీళ్ళు. ఈ మాట అనని సొంతదారు నాకింతవరకు తగల్లేదు.

చాలా ట్రైలర్ల కప్పు పైన రబ్బరు పరచి వుంటుంది, లేదా రబ్బరులాంటి ప్లాస్టిక్ పొర వుంటుంది. దానికి ఏ.సి. కోసం ఒక కన్నం, గాలి ఫ్యానుకి ఒకటి, బాత్‌రూము గొట్టానికి ఒకటి, యాంటెన్నాకి ఒకటి, ఇలా బోలెడు కన్నాలు పెడతారు. ప్రతి కన్నం చుట్టూ లప్పంలాంటి సీలెంట్ పోస్తారు. ఎండకి ఎండి, చలికి బిగిసి, ప్రయాణంలో కదిలి ఆ లప్పం బీటలిస్తుంది. మన డాబా మీద వానాకాలం ముందు పగుళ్ళు చూసుకున్నట్టే దీన్నీ చూసుకోవాలి. చాలా కంపెనీలు తమ పుస్తకంలోనే 90 రోజులకోసారి కప్పు చూసుకోమని రాస్తాయి. చూసుకోకపోతే కారడం గ్యారంటీలోకి రాదనీ అక్కడే చిన్న అక్షరాల్లో వుంటుంది. ఒక గొట్టం సీలెంట్ ఖరీదు పది పదిహేను డాలర్లు. కుళ్ళిన గోడ బాగుచేయించాలంటే వేలల్లో అవుతుంది.

గోడలు రెండు రకాలు. ఒకటి పాత పద్ధతి. చెక్క చట్రం కట్టి, మధ్యలో దూదిలాంటి ఫైబర్‌గ్లాస్ కూరి, పైన గీతలున్న అల్యూమినియం రేకు కొడతారు. రెండోది నున్నగా అద్దంలా మెరిసేది. అల్యూమినియం చట్రం, ఫోము, పల్చటి ప్లైవుడ్, ఫైబర్‌గ్లాస్ పొర అన్నీ జిగురుతో అదిమి ఒకే పలకలా చేస్తారు. చూడ్డానికి రెండోదే అందం, బరువూ తక్కువ. కానీ నీళ్ళు దిగితే జిగురు వదిలి గోడ పూరీలా ఉబ్బుతుంది. ఉబ్బిన గోడని మామూలు రిపేరులో సరిచేయడం అవదు. రేకు గోడలో అయితే రేకు విప్పి, పాడైన చెక్క మార్చి మళ్ళీ కొట్టొచ్చు. నా మటుకు నాకు, బండిని పదేళ్ళు వుంచుకునేవాళ్ళకి ఆ పాత రేకు గోడే నయమనిపిస్తుంది. మావారు ఒప్పుకోరు, అది వేరే సంగతి.

మూడో రకం ఒకటుంది. కోడిగుడ్డులా గుండ్రంగా, చిన్నగా వుంటుంది. బాత్‌టబ్‌లా పోతపోసిన రెండు ఫైబర్‌గ్లాస్ చిప్పల్ని నడుమున కలిపేస్తారు. టెక్సాస్‌లో కసీటా, మిన్నెసోటాలో స్కాంప్, టెనెసీలో ఆలివర్ అలాంటివే. అతుకులు తక్కువ కాబట్టి కారే చోట్లూ తక్కువ. ముప్పై ఏళ్ళనాటివి కూడా రోడ్డు మీద తిరుగుతూ కనిపిస్తాయి, సెకండ్‌హ్యాండ్‌లో కూడా ధర పలుకుతాయి. చోటు మాత్రం ఇరుకు. నలుగురున్న సంసారానికి కష్టం. వెండిలా మెరిసే ఎయిర్‌స్ట్రీమ్ అందరికీ మోజే. అది అల్యూమినియం రేకుల్ని రివెట్లతో కలిపి చేసేది. అది కొనుక్కున్నా కన్నాలూ అతుకులూ చూసుకోవడం తప్పదని దాని సొంతదారులే చెబుతారు.

గోడలో సొరుగులా బయటికి జరిగే గది వుంటుంది చూడండి, స్లైడ్ అవుట్ అంటారు. బటన్ నొక్కగానే ఇల్లు పెద్దదవుతుంది. పిల్లలకి భలే సరదా. దాని చుట్టూ వున్న రబ్బరు అంచు చిరిగినా, పైన ఆకులు పేరుకున్నా వాన లోపలికే. లోపలికి జరిపే ముందు చీపురుతో పైన తుడిచేవాళ్ళ బళ్ళు బాగుంటాయి. అది లేని బండి కొనుక్కున్నవాళ్ళు ఇంకా హాయిగా వుంటారు.

కొత్త బండి ఎక్కగానే ఘాటు వాసన వస్తే అది కొత్తదనం వాసనని మురిసిపోకండి. చవక ప్లైవుడ్ జిగురులోంచి ఫార్మాల్డిహైడ్ అనే వాయువు వస్తుంది. 2005లో కత్రీనా తుఫాను తర్వాత ఇళ్ళు పోయినవాళ్ళకి ప్రభుత్వం లక్షకు పైగా ట్రైలర్లూ మొబైల్ హోములూ సమకూర్చింది. కళ్ళు మండుతున్నాయనీ దగ్గు తగ్గట్లేదనీ జనం మొత్తుకుంటే, చివరికి 2008లో పరీక్షలు చేసి చాలా ట్రైలర్లలో ఆ వాయువు ఎక్కువగా వుందని ప్రకటించారు. కొన్నాక కొన్నాళ్ళు కిటికీలు, కప్పు ఫ్యాను తెరిచి ఎండలో ఆరనిస్తే చాలావరకు పోతుంది. చంటిపిల్లలున్నవాళ్ళు ఇది మరీ గుర్తుపెట్టుకోవాలి.

రుబ్బురోలు ఎంత బరువు?

తలుపు దగ్గర పసుపుపచ్చ చీటీ ఒకటి అంటించి వుంటుంది. ఇందులో మీరు వేసుకునే సామాను ఇన్ని కిలోలు దాటకూడదు అని రాసి వుంటుంది. పడకలు ఎన్నో చూస్తాం గానీ ఈ చీటీ ఎవరూ చదవరు. పెద్ద పెద్ద బళ్ళలో కూడా అది 500 కిలోలే వుండొచ్చు. 40 గ్యాలన్ల నీళ్ళ తొట్టి నింపితేనే 150 కిలోలు పోయినట్టు. మిగిలినదాంట్లోనే గిన్నెలు, బట్టలు, మంచి బియ్యం బస్తా, పిల్లల సైకిళ్ళు. మన తెలుగు సంసారాల్లో కొందరు గ్రైండరు కూడా ఎక్కిస్తారు, రాయితో సహా. పిండి ఇంట్లోనే రుబ్బి డబ్బాలో పెట్టుకుని వెళ్ళడం మేలు.

బరువు మోసేవి టైర్లు. ట్రైలర్‌తో పాటు వచ్చే టైర్లు చాలావరకు ఎంతవరకు అవసరమో అంతవరకే వుంటాయి, పై మిగులు వుండదు. వాడినా వాడకపోయినా ఐదారేళ్ళకి వాటి పని అయిపోయినట్టే. టైరు పక్కన కోడిగుడ్డు ఆకారపు గీతలో నాలుగంకెలుంటాయి. 2319 అని వుంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. గాడి ఎంత లోతుగా వున్నా ఆ అంకె చూడందే పాత బండి కొనకూడదు. హైవే మీద టైరు పేలితే అది విసురుకి కింది గొట్టాల్నీ తీగల్నీ, ఒక్కోసారి నేలనీ చీల్చేస్తుంది. అందుకే అనుభవమున్న సొంతదారులు మొదట డబ్బు పెట్టేది టైర్లకే. ఒక మెట్టు ఎక్కువ బరువు మోసే టైర్లు వేయించుకుని, గాలి తగ్గితే ముందు సీట్లో కుయ్‌మనే చిన్న యంత్రం పెట్టుకుంటారు.

చక్రాల దగ్గరే ఇంకోటి. లారీలకుండే కమాన్ కట్టల్లాంటివే దీనికీ వుంటాయి. అవి ఊగే చోట చాలా కంపెనీలు ప్లాస్టిక్ బుష్షులు వేస్తాయి. కొన్ని వేల మైళ్ళకే అవి అరిగి ఇనుము ఇనుమూ రాసుకుంటుంది. వాటిని ఇత్తడి జాతి లోహపు బుష్షులతో, గ్రీజు పట్టే బోల్టులతో మార్చుకోవడం ఇక్కడ బాగా పేరున్న మార్పు. బయటికి కనపడదు, చుట్టాలకి చూపించుకోవడానికి పనికిరాదు. అందుకేనేమో షోరూములో దాని ఊసే వుండదు.

పోపు పెడితే ఏమవుతుంది?

ఇది మన డిపార్టుమెంటు కాబట్టి కాస్త విపులంగా చెబుతాను.

ట్రైలర్‌లో స్టవ్వు వెలిగేది ప్రొపేన్‌తో. మన ఇండియా సిలిండరులో ప్రొపేన్, బ్యుటేన్ కలిపి వుంటాయి. బ్యుటేన్ గడ్డకట్టే చలిలో వాయువుగా మారదు, ప్రొపేన్ సున్నాకి 42 డిగ్రీలు కిందదాకా మారుతుంది. చలిదేశంలో ప్రొపేన్ వాడేది అందుకే. గాలికంటే బరువు కాబట్టి లీకైతే నేలమీద పేరుకుంటుంది. అందుకని గ్యాసు కనిపెట్టే చిన్న పెట్టె నేలకి దగ్గరగా బిగిస్తారు. దానికి అడ్డంగా చెప్పులూ సంచులూ పెట్టకండి.

కిలో ప్రొపేన్ మండితే కిలోన్నరకు పైగా నీటి ఆవిరి పుడుతుందట. దానికి మన అన్నం కుక్కరు ఆవిరి తోడు. చలికాలం తలుపులన్నీ మూసి వంట చేస్తే పొద్దున్నకి కిటికీల మీంచి నీళ్ళు ధారలు కడతాయి, పరుపు కింద చెమ్మ చేరి నల్లమచ్చలు పుడతాయి. కొందరు కప్పు కారిందని కంగారు పడతారు కూడా. స్టవ్వు పైన వుండే పొగగూడు చాలా బళ్ళలో గాలిని జల్లెడ పట్టి మళ్ళీ మన మొహానే వదులుతుంది. బయటికి పంపే రకమే అయినా, బయట గోడకున్న మూతకి చిన్న గొళ్ళెం వుంటుంది, అది తీయకపోతే పొగ పోదు. ఆ గొళ్ళెం సంగతి తెలియకుండా ఏళ్ళు గడిపినవాళ్ళున్నారు. ఎండుమిరపకాయ పోపు పెట్టేవాళ్ళకి కప్పులో బిగించే మంచి ఫ్యాను తప్పనిసరి. వానలోనూ తెరిచి వుంచుకునేలా పైన గొడుగుండే రకం చూసుకోండి. చేపల పులుసు, వేపుళ్ళు మాత్రం బయటే. ట్రైలర్ పక్కన గ్యాసు గొట్టం తగిలించుకునే వీలుంటే ఒంటిపొయ్యి పెట్టుకోవచ్చు. లేకపోతే పెట్టించుకోవచ్చు. నేను చేయించుకున్నవాటిల్లో నాకు బాగా నచ్చింది ఆ పొయ్యే.

కరెంటు లెక్క కూడా ఇల్లాలికి తెలియాలి. చిన్న ట్రైలర్లకి 30 ఆంపియర్ల ప్లగ్గు వుంటుంది. ఇక్కడి కరెంటు 120 వోల్టులు కాబట్టి మొత్తం 3,600 వాట్లు. ఏ.సి. ఒక్కటే 13, 14 ఆంపియర్లు లాగుతుంది, మైక్రోవేవ్ మరో 12, 13. పైన ఎలక్ట్రిక్ కుక్కరు పెడితే టప్‌మని ఆగిపోతుంది. ఏ.సి. ఆపి కుక్కరు, కుక్కరు దింపాక మైక్రోవేవ్, ఇలా వంతులు వేసుకోవాలి. ఇండియా నుంచి తెచ్చుకున్న 230 వోల్టుల మిక్సీ ఇక్కడ పనికిరాదు. 110 వోల్టులది ఇక్కడి ఇండియన్ షాపుల్లో దొరుకుతుంది. క్యాంప్‌గ్రౌండ్ కరెంటు అన్నిచోట్లా ఒకలా వుండదు, వోల్టేజి పడిపోతే ఏ.సి. కాలిపోతుంది. మన ఊళ్ళో ఫ్రిజ్‌కి స్టెబిలైజర్ పెట్టినట్టు, వోల్టేజి తేడా వస్తే కరెంటు ఆపేసే రక్షణ పెట్టె ఒకటి 300 డాలర్ల ప్రాంతంలో వస్తుంది. ఏ.సి. కంటే చవకే కదా.

ఫ్రిజ్ గురించి మాత్రం సొంతదారులు రెండు పార్టీలు. పాత పద్ధతి ఫ్రిజ్ గ్యాసు మంటతోనే చల్లబడుతుంది. మంటతో చల్లదనం ఏమిటని నవ్వకండి, 1922లో స్వీడన్‌లో ఇద్దరు విద్యార్థులు కనిపెట్టింది ఇది. కరెంటు లేని అడవిలో కూడా రోజుల తరబడి నడుస్తుంది. కానీ బండి సమతలంగా నిలపాలి, ముందురోజే వెలిగించాలి, వేసవిలో పెరుగు పులిసిపోతుంది. 2006, 2008, 2010 సంవత్సరాల్లో నిప్పు భయంతో ఇలాంటి ఫ్రిజ్‌లని లక్షల్లో రీకాల్ చేశారు. కొత్తది 12 వోల్టుల బ్యాటరీతో నడిచే కంప్రెసర్ ఫ్రిజ్. త్వరగా చల్లబడుతుంది, అదే కొలతలో చోటూ ఎక్కువ. కాకపోతే బ్యాటరీని తాగేస్తుంది. క్యాంప్‌గ్రౌండ్ కరెంటు మీదే వుండేవాళ్ళకి కొత్తది, అడవుల్లో ఆగేవాళ్ళకి పాతది అని నా లెక్క.

అడవుల్లోనూ కొత్త ఫ్రిజ్ కావాలంటే లిథియం బ్యాటరీ, సోలార్ పలకలు పెట్టాలి. మామూలు యాసిడ్ బ్యాటరీలో సగం వాడితే ఆపేయాలి, లేకపోతే త్వరగా చచ్చిపోతుంది. లిథియంది దాదాపు మొత్తం వాడుకోవచ్చు, బరువు సగమే. అయితే గడ్డకట్టే చలిలో దాన్ని ఛార్జి చేయకూడదు. పాత ఛార్జరు కూడా దానికి సరిపోకపోవచ్చు, అదీ మార్చాల్సి రావచ్చు. ఏడాదికి నాలుగు వారాంతాలు వెళ్ళేవాళ్ళు అంత డబ్బు పెట్టడం నాకు దండగనిపిస్తుంది.

సంతకానికి ముందు

బండి చేతికిచ్చేరోజు డీలరు గంటలో అన్నీ చూపించేసి సంతకం పెట్టించుకుంటాడు. తొందరపడకండి. అనుభవమున్నవాళ్ళు ఒక పూటంతా తీసుకుంటారు. నిచ్చెన వేసుకుని కప్పెక్కుతారు. నీళ్ళ తొట్టి నింపి ప్రతి కుళాయీ తిప్పి, టార్చిలైటుతో సింకు కింద, మంచం కింద తడి వుందేమో చూస్తారు. స్టవ్వు, గీజరు, హీటరు, ఏ.సి. అన్నీ ఒక్కొక్కటి ఇరవై నిమిషాలు నడిపిస్తారు. మూలల్లో నేల మెత్తగా వుందేమో కాలితో తొక్కి చూస్తారు. తేలిన లోపాలన్నీ బాగుచేశాకే సంతకం. పాత బండి అయితే చెమ్మ కొలిచే చిన్న మీటరు పట్టుకెళ్తారు, లేదా ఫీజిచ్చి ఆర్.వి. తనిఖీ చేసేవాళ్ళని పిలుచుకుంటారు. బండి నెంబరు 17 అక్షరాలు అంకెలు కలిసి వుంటుంది. అది కొట్టి చూస్తే రీకాల్ వుందో లేదో ప్రభుత్వ రోడ్డు భద్రత సంస్థ సైటులోనే తెలుస్తుంది.

గ్యారంటీ మామూలుగా ఒక ఏడాది. మొదటి నెలలోనే రెండు మూడుసార్లు దగ్గర ఊళ్ళకి వెళ్ళి అన్నీ వాడి చూడమనేది అందుకే. రిపేరుకి ఇస్తే వారాలు, వేసవిలో నెలలు కూడా డీలరు దగ్గరే పడివుంటుంది. పాడైన కార్లు వెనక్కి ఇచ్చుకునే చట్టం చాలా రాష్ట్రాల్లో ఇంజను లేని ట్రైలర్లకి వర్తించదు. మా పక్క సైటు నర్సమ్మకి అదే ఎదురైంది. వాళ్ళాయన యాభై రోజులు కష్టపడి తలుపు దగ్గర నేలంతా తనే కోసి కొత్త చెక్క వేసుకున్నాడు. ఇప్పుడు ఆయన ప్రతి నెలా ఒకటో తారీఖున కప్పెక్కుతాడట.

ఇంకొక్క సంగతి, ఇది మీ గురించే. పిల్లల దగ్గరికి వచ్చినప్పుడు మిమ్మల్నీ ఇందులో తిప్పుతారు. మీకిచ్చే పడక చాలాసార్లు భోజనాల బల్లని కిందికి దింపి చేసేది. దాని ఒంటికాలు ఊగుతుంది, పరుపు పల్చన. అసలు మంచానిదే కొలత తక్కువ. మామూలు క్వీన్ మంచం 80 అంగుళాల పొడవుంటే ఇందులో చాలావాటిది 75 అంగుళాలే, ఇంటి దుప్పట్లూ పరుపులూ సరిపోవు. మెట్లు మడత మెట్లు, ఎత్తుగా వుండి ఊగుతాయి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి అది నరకం. అబ్బాయి పెద్ద టీవీ పెట్టిస్తానంటే ఆ డబ్బుతో నేలకి ఆని నిలబడే గట్టి మెట్లూ, తలుపు పక్కన పట్టుకోవడానికి కడ్డీ, మీ పడక మీదకి మూడంగుళాల ఫోము పరుపూ వేయించమని ఇప్పుడే ఫోన్లో చెప్పేయండి. అన్నీ కలిపినా టీవీ కంటే తక్కువే అవుతుంది.